సాలెహా చుట్టిన పూసలు

ఎల్లారెడ్డి బస్టాండు వెనక గల్లీలో కలీమ్ రేడియో దుకాణం ఏ రోజూ మూతపడలేదు. కాకపోతే 2013 ఎండాకాలం వచ్చేసరికి రేడియో అన్నది బోర్డు మీద మాత్రమే మిగిలింది. లోపల సెల్‌ఫోన్ చార్జర్లు, టార్చిలైట్లు, దోమల బ్యాట్లు. మిద్దెల మీద డిష్‌లు వచ్చి కూర్చున్నాక, ఒకప్పుడు ఊరంతా తలెత్తి చూసిన యాంటెనా గొట్టాలకు జనం దండెం కట్టి బట్టలు ఆరేసుకుంటున్నారు.

ఆ గొట్టాల్లో సగానికి సగం కలీమ్ నిలబెట్టినవే. అయితే చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనకు పేరు తెచ్చింది గొట్టాలు కాదు, వాటి కొసన కట్టిన వేలిగోరంత పూస. యాంటెనాకు రెండు కాళ్ళుంటాయి. సిగ్నల్ ఆ రెండింటి మీదా సమానంగా వస్తుంది. అక్కడి నుంచి ఇంట్లోకి దిగే తీగకేమో లోపల ఒక్క నరం, దాని చుట్టూ వల. రెండు కాళ్ళ మీది సిగ్నల్‌ను చెదరకుండా ఆ ఒక్క నరంలోకి దించాలంటే మధ్యలో ఈ నల్లటి పూస కావాలి. బర్రె ముక్కులా పక్కపక్కనే రెండు తూట్లుంటాయి దానికి. ఆ తూట్లలోంచి సన్నని రాగి తీగలు, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది, మూడేసి చుట్లు తిరుగుతాయి. కలీమ్‌కు పని నేర్పిన ఉస్తాద్ దాన్ని బాలన్ అనేవాడు. కలీమ్ ఇంట్లో ఆ మాట ఎవరికీ అలవాటు కాలేదు. పూస అనే అన్నారు.

ఆ పూసలు చుట్టింది కలీమ్ కాదు. ఆయన భార్య సాలెహా.

అది ఎనభై ఆరులోనో ఎనభై ఏడులోనో మొదలైంది. వానాకాలం వస్తే పిడుగులకు పూసలు మాడిపోయేవి. కొత్తది హైదరాబాదు నుంచి రావాలంటే వారం పట్టేది. ఆ వారమంతా టీవీ ఉన్న ఇంటివాళ్ళు, టీవీ లేని పక్కింటివాళ్ళు కూడా కలీమ్ ప్రాణం తీసేవారు. ఒకనాడు ఆయన మాడిన పూసను విప్పి చుట్లు లెక్కపెట్టుకున్నాడు. ఖాళీ పూసలు ఒక డబ్బా తెప్పించి ఇంట్లో చుట్టడానికి కూర్చున్నాడు. ఆయన వేళ్ళు లావు. తీగ తెగేది, మెలికపడేది. పక్కనే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్న సాలెహా కాసేపు చూసి, "ఇటియ్యి. నువ్వు చుట్టేలోపల మనుమలు పుడతరు" అని లాక్కుంది.

అప్పటికి సాలెహాకు ఇరవై రెండేళ్ళు. ఎనిమిదో ఏట నుంచి బీడీలు చుట్టిన వేళ్ళు. ఆకు ఎంత తడిగా ఉందో, తంబాకు ఎంత పడిందో కళ్ళు చూడకముందే ఆ వేళ్ళకు తెలిసేది. ఒక్క పూటలో పన్నెండు పూసలు చుట్టి, చుట్టు కదలకుండా పైన బీడీ దారంతో ముడేసి ఇచ్చింది. కలీమ్ ఒక్కొక్కటీ మీటరుకు పెట్టి చూశాడు. ముల్లు అన్నిటికీ ఒక్కచోటే నిలబడింది.

"ఉస్తాద్ చూస్తే నన్ను తీసేసి నిన్ను పెట్టుకునేటోడు" అన్నాడు.

"బీడీలకు పెట్టుకున్నోడే పైసలు నెలంత ఆపుతుండు. ఈయనొకడా ఇగ" అంది సాలెహా.

తరువాత పక్కింటి శాంతవ్వ కూడా చేరింది. ఆమెకు నేర్పింది సాలెహానే. మధ్యాహ్నం కమీషన్‌దారుకు బీడీ కట్టలు అప్పజెప్పి వచ్చి, ఇద్దరూ వాకిట్లో చాప పరుచుకుని పూసలు చుట్టేవారు. రేడియోలో పాటలు వచ్చేవి. వేపచెట్టు నీడ గోడ దాకా జరిగితే ఒక డబ్బా అయినట్టు లెక్క. సాలెహా తన బతుకులో ఆ రెండు మూడేళ్ళ మధ్యాహ్నాలను తలుచుకున్నంతగా మరి దేన్నీ తలుచుకోదు. ఆదివారం పొద్దున సీరియల్ వేళకు కలీమ్ ఎవరి మిద్దె మీదో గొట్టం తిప్పుతూ "వచ్చిందా?" అని అరిచేవాడు. కింద నుంచి "వచ్చింది, వచ్చింది… పోయింది" అని పదిమంది ఒక్కసారే అనేవారు. బొమ్మ నిలబడగానే ఆ ఇంట్లో లేచే సంబరం గల్లీ చివరి దాకా వినబడేది. అది తన పూసలోంచే దిగిందన్న సంగతి ఎవరికీ తెలియదు. తనకు తెలుసు. అది చాలు అనిపించేది.

ఇన్నేళ్ళకు, మార్చి నెలలో ఒక పిల్ల ఆ పూసలను వెతుక్కుంటూ వచ్చింది. పేరు కళ. లింగంపేట దగ్గరి తండాలో భీమ్‌సింగ్ బిడ్డ. కామారెడ్డి పక్కన ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్, చివరి ఏడు. కలీమ్ ఆమెను దుకాణం నుంచి నేరుగా ఇంటికి తీసుకొచ్చాడు. కుడికాలు ఈడుస్తూ నడిచే మనిషి ఆ రోజు పిల్లకంటే ముందు నడిచాడు.

"సాలెహా, చూడు ఎవలొచ్చిన్రో. మన పూస మీద కాలేజీల చదువు చదువుతరట."

"మా తండాల ఒక్కటే టీవీ ఉండె ఖాలా" అంది కళ చాప మీద కూర్చుంటూ. "గొట్టం చాచానే పెట్టిండని బాపు చెప్పిండు. మా క్లాసు వాళ్ళందరు ప్రాజెక్టులు హైదరాబాదుల కొనుక్కస్తున్నరు. నేను గీ పూసనే తీసుకుంట అన్న. సారు సరే అన్నడు."

శాంతవ్వ గోడ అవతల నుంచి వచ్చి కూర్చుంది. "ఇంతకు దాన్ని ఏం చేస్తవు బిడ్డా?"

"కొలుస్త అవ్వా. మూడు దర్వాజలున్న ఇల్లు అనుకో. ఒకటో దర్వాజల సిగ్నల్ పంపుత. అండ్ల కొంత గడప కాడికే పోయి ఎన్కకు మళ్ళుతది."

"మా ఇంటికి చుట్టాలొచ్చినట్టే" అంది శాంతవ్వ. "నా మొకం చూసి గడప కాడనే మళ్ళుతరు."

కళ నవ్వు ఆపుకుంది. "మిగిలింది రెండో దర్వాజకెల్లి ఎంతొచ్చింది, మూడో దర్వాజకెల్లి ఎంతొచ్చింది అని చూడాలె. పూస మంచిదైతే రెండిట్లకెల్లి సమానంగ వస్తది. ఒకటి ముందుకు అడుగేస్తే ఇంకోటి ఎన్కకు వేస్తది. మళ్ళింది ఎంత, దాటింది ఎంత అన్న ఈ లెక్కలనే ఎస్ పారామీటర్లు అంటరు. ముందుగాల కంప్యూటర్ల ఉత్తుత్తి పూస చుట్టి ఈ లెక్క చూస్తం. దాన్ని సిమ్యులేషన్ అంటరు. తర్వాత నిజం పూసను మిషన్‌కు పెట్టి కొలుస్తం. రెండు ఒక్క తీరు వస్తే సారు సంతకం పెడ్తడు."

"రాకపోతే?" అని అడిగింది సాలెహా.

"ఎందుకు రాలేదో చెప్పాలె. అది సుత చెప్పకపోతే సంతకం లేదు, ఏడాది పోతది." కళ కాసేపు చాప అంచు గిల్లింది. "బాపు యేటా చెరుకు కోతకు పోయి చదివిస్తుండు. ఇంకో ఏడు అంటే నన్ను గూడ కొడవలి పట్టుకొని రమ్మంటడు ఖాలా."

"గంత దూరం రాదు" అన్నాడు కలీమ్. "నా పూస ఇరవై ఏండ్లు గాలికి వానకు గొట్టం మీద ఉన్నది. నీ మిషన్ ముందట నిలవదా?"

సాలెహా అటక మీది నుంచి తగరపు డబ్బా దించింది. అడుగున నాలుగు పూసలు మిగిలి ఉన్నాయి. బీడీ దారం పసుపు రంగుకు తిరిగింది గానీ ముడి వదలలేదు. కళ వాటిని రుమాలులో కట్టుకుని వెళ్ళింది.

నెల గడిచాక, ఏప్రిల్‌లో ఒక బుధవారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ముఖం చూస్తేనే సాలెహా మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. కళ సంచిలోంచి రెండు కాగితాలు తీసి చాప మీద పరిచింది. ఒక కాగితం మీద రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిగా కనబడుతున్నాయి. రెండో కాగితం మీద రెండూ విడివిడిగా, ఒకటి పైన, ఒకటి కింద పోతున్నాయి.

"ఇది కంప్యూటర్ల చుట్టిన పూస. ఎర్రది మూడు చుట్లు, పచ్చది మూడు చుట్లు. సమానం. ఇది మీ పూస. ఎర్ర తీగకెల్లి ఎక్కువొస్తుంది, పచ్చ తీగకెల్లి తక్కువ."

కలీమ్ అద్దాలు పెట్టుకుని కాగితాన్ని దగ్గరికి, దూరానికి పెట్టి చూశాడు. "మిషన్ తప్పేమో."

"కంపెనీ పూస పెట్టి చూసిన చాచా. అది సక్కగనే వచ్చింది."

"నాలుగిట్ల ఒకటి ఖరాబు ఉండొచ్చు. పాతయి గద."

"నాలుగు గిట్లనే ఉన్నయ్. నాలుగిట్ల ఎర్రదే ఎక్కువ." కళ గొంతు తగ్గింది. "మిషన్ హైదరాబాదు నుంచి అడిగి తెచ్చిన్రు, శనివారం పోతది. సారు శుక్రవారం దాకా ఆగుతా అన్నడు. మావోళ్ళు ఏమంటున్నరంటే, అంకెలు జర మార్చి రెండు గీతలు కలిపెయ్యి, ఎవలు చూస్తరు అంటున్నరు."

"మారుస్తవా?"

"మార్చ బుద్ధి అయితలేదు ఖాలా. గట్లయితే గీ పూస ఎందుకు, నేనెందుకు."

కలీమ్ ఒక పూసను కిటికీ వెలుగుకు పట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. పైకి కనబడే చుట్లు ఎర్రవి మూడే, పచ్చవి మూడే. "మళ్ళ రేపు రా బిడ్డా. నేను ఆలోచన చేస్త" అన్నాడు. కళ రెండు పూసలు అక్కడే వదిలేసి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. ఆయన దుకాణానికి పోయాడు.

సాలెహా చాట ముందు కూర్చుంది. ఆకు మీద తంబాకు పోసి, చుట్టి, దారం తిప్పి, బీడీ మూతిని వేలిగోటితో లోపలికి మలిచింది. ఇంకోటి. ఇంకోటి. మూతి మలచకపోతే తంబాకు రాలిపోతుంది, కమీషన్‌దారు కట్ట విప్పి పక్కన పడేస్తాడు. చిన్నప్పుడు అమ్మ ఆ సంగతి గోళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది. నలభై ఏళ్ళుగా ఆ వేలు తనంతట తానే చేసే పని అది.

పదో బీడీయో పదకొండోదో మలుస్తుండగా వేలు ఆగిపోయింది.

లేచి వెళ్ళి ఒక పూస తెచ్చుకుంది. బ్లేడుతో బీడీ దారం కోసింది. పచ్చ తీగ కొసను పట్టుకుని మెల్లగా లాగుతూ, అది తూటులోంచి ఎన్నిసార్లు బయటికొచ్చిందో లెక్కపెట్టింది. ఒక చుట్టు అంటే ఒక తూటులో పోయి రెండో తూటులోంచి రావడం. మూడు చుట్లకు ఆరుసార్లు. పచ్చది ఆరు. ఎర్రది లాగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.

ఏడు.

మొదటి రోజుల్లో చుట్టడం అయిపోయాక పైనుండే ఎర్ర తీగ కొస జారిపోయేది. టంకం పెట్టేటప్పుడు కలీమ్ విసుక్కునేవాడు. ఆయనకు చెప్పకుండానే సాలెహా దానికి ఒక ఉపాయం కనిపెట్టింది. బీడీ మూతి మలిచినట్టే, ఎర్ర కొసను ఇంకొక్కసారి తూటులోకి దూర్చి అవతల పక్కకు తీసి, పైన దారం కట్టేసేది. ఆ తరువాత ఏ తీగా జారలేదు, ఆయనా విసుక్కోలేదు. తన తెలివికి తానే మురిసిపోయింది. శాంతవ్వకు అదే నేర్పింది. మీటరు తీగ తెగిందా లేదా అన్నది చెప్పేదే కానీ, ఎన్నిసార్లు దూరిందన్నది చెప్పేది కాదు.

కళ అడిగిన 'ఎందుకు' దొరికింది. కానీ సాలెహాకు సంతోషం కలగలేదు. లింగంపేట గంగారాం ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది.

అది తొంభై ఒకటి వానాకాలం. ఊళ్ళోని ఇండ్లకు ఏ పూస పెట్టినా బొమ్మ వచ్చేది. లింగంపేట అవతల గుట్టల చాటున సిగ్నల్ పలచన. అక్కడ గంగారాం ఇంట్లో మాత్రం మనిషి పక్కన ఇంకో మనిషి నీడలా కనబడేవాడు. ఎవరైనా తీగ పక్క నుంచి నడిస్తే బొమ్మ వణికేది. గంగారాం నలుగురిలో కలీమ్‌ను నిలబెట్టి, "నీ పూస దొంగ పూస" అన్నాడు. కలీమ్ గొట్టం తూర్పుకు తిప్పాడు, దక్షిణానికి తిప్పాడు. తీగ మార్చాడు. చివరికి పూస కూడా మార్చాడు. మార్చిన పూస అదే డబ్బాలోది. నాలుగోసారి ఎక్కిన రోజు తుప్పర పడుతోంది. పిట్టగోడ మీది నుంచి జారి రాళ్ళ మీద పడ్డాడు. మోకాలు మళ్ళీ సరిగా అతుక్కోలేదు. ఆ తరువాత గొట్టాలు వేరేవాళ్ళు నిలబెట్టారు. ఆయన దుకాణంలో స్టూలు మీద కూర్చున్నాడు. ఇల్లు బీడీల మీద నడిచింది. బిడ్డ సైమా పెళ్ళి బీడీల మీదనే అయింది.

ఆ సంగతి చెప్పకుండా ఉండొచ్చా అని సాలెహా ఆలోచించింది. కళను పక్కకు పిలిచి, తీగ ఏడోసారి దూరిందని చెవిలో చెప్పి పంపొచ్చు. ఆ పిల్లకు కావలసింది అంతే. కానీ పిల్ల కాలేజీలో రాస్తుంది, సారు అడుగుతాడు, ఏదో ఒకనాడు తండా నుంచి ఎవరో దుకాణానికి వచ్చి నవ్వుతూ ఆయనకే చెబుతారు. బయటివాళ్ళ నోట వినడం కంటే తన నోట వినడమే నయం. అప్పటికీ ఆ రాత్రి చెప్పలేకపోయింది. అన్నంలో ఉప్పు ఎక్కువైంది. ఆయన మజ్జిగ పోసుకుని తిన్నాడు.

గురువారం పొద్దున బస్సుకు కళ వచ్చింది. కలీమ్ చాయ్ తాగుతున్నాడు. శాంతవ్వ గోడకు ఆనుకుని ఆకు కత్తిరిస్తోంది. సాలెహా విప్పిన తీగలు రెండూ తెచ్చి చాప మీద పెట్టింది.

"పచ్చది ఆరుసార్లు దూరింది. ఎర్రది ఏడుసార్లు" అంది.

కళ తీగలను చూసింది. తరువాత తన కాగితం చూసుకుంది. పెదవులు కదిలాయి. "ఏడుకు ఆరు" అంది తనలో తాను. సంచిలోంచి పెన్ను తీసి కాగితం వెనక గబగబా ఏదో లెక్క కట్టింది. "గంతే వస్తుంది ఖాలా. రెండు గీతల నడుమ ఉన్న తేడా గంతే."

కలీమ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏడు ఎట్ల అయితది? నేను చెప్పింది మూడు చుట్లే గద."

"కొస జారుతుండె. నువ్వు కోపం చేస్తుంటివి. బీడీ మూతి మలిచినట్టు ఇంకోసారి లోపలికి దూర్చిన." సాలెహా ఆయన వైపు చూడలేదు. "అన్నిట్ల."

"ఎప్పటి సంది?"

"మొదటి డబ్బా ఒడిసేలోపలే మొదలు వెట్టిన."

"నేను గూడ గట్లనే చుట్టిన" అంది శాంతవ్వ కత్తెర ఆపి. "నాకు నేర్పిందే గది."

కలీమ్ పూసను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన మనసులో ఏ ఇంటి దగ్గరికి చేరుకున్నాడో సాలెహాకు తెలుస్తూనే ఉంది.

"అయితే గంగారాం మాట అబద్ధం కాదన్నట్టు" అన్నాడు చివరికి.

"కాదు."

"నాలుగుసార్లు ఎక్కిన."

"నాకు ఎరికనే."

ఆయన కర్ర పట్టుకుని లేచాడు. చెప్పులు తొడుక్కుని గల్లీలోకి వెళ్ళిపోయాడు. కాలు ఈడ్చే చప్పుడు మలుపు దాకా వినబడింది. ఇరవై రెండేళ్ళుగా వింటున్న చప్పుడే. సాలెహా ఆ రోజు దాన్ని చివరి దాకా విన్నది.

కళ ముఖం చిన్నబోయింది. "నేను రాకపోతేనే మంచిగుండు ఖాలా."

"నువ్వు రాకపోతే నేను మట్టిలకు పోయేదాక మురుసుకుంట ఉందును. వచ్చినవ్, మంచిదైంది." సాలెహా కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడు ఎందుకో చెప్పినం గద. సారు సంతకం పెడ్తడా?"

"చెప్తే నమ్మాలె గద. ఆరుసార్ల పూస ఒకటి చుట్టి, అది సక్కగ వస్తే నమ్ముతడు. రేపు ఒక్కదినమే ఉన్నది. ఖాళీ పూసలు ఏడ దొరుకుతయి?"

ఖాళీ పూసలు ఇంట్లో లేవు. ఉంటే దుకాణంలోనే ఉండాలి. దుకాణంలో ఆయనున్నాడు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. శాంతవ్వ కూడా నోరెత్తలేదు. అదొక్కటి చాలు, ఆ గల్లీలో ఏదో జరిగిందని తెలియడానికి. నీడ గోడ వైపు జరిగింది. పన్నెండు దాటాక మళ్ళీ కాలు ఈడ్చే చప్పుడు వినబడింది.

కలీమ్ చేతిలో అగ్గిపెట్టె ఉంది. చాప మీద బోర్లిస్తే ఆరు ఖాళీ పూసలు దొర్లాయి. జేబులోంచి తీగ కండెలు రెండు తీశాడు. "పాత రేడియోలకెల్లి పీకిన" అన్నాడు. చాపకు అవతలి పక్కన, సాలెహాకు ఎదురుగా కూర్చున్నాడు.

"చుట్టు" అన్నాడు.

"కండ్లు కనబడ్తలేవు ఇప్పుడు."

"అప్పుడు కనబడ్డయా ఏంది? చుట్టు. నేను లెక్కపెడ్త. నీ లెక్క మీద నాకు నమ్మకం లేదు."

శాంతవ్వ ఫక్కున నవ్వింది. సాలెహా తీగ కొసను నాలుకకు తాకించి, పూసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. తీగ లోపలికి పోయింది. "ఒకటి" అన్నాడు కలీమ్. బయటికొచ్చింది. "రెండు." దుకాణంలో గిరాకీని పిలిచే గొంతులా గట్టిగా అంటున్నాడు. ఆరు అనగానే ఆమె వేలు అలవాటు చొప్పున కొసను మళ్ళీ తూటు వైపు తోసింది. ఆయన ఆ వేలిని పట్టుకుని ఆపాడు. వేలిని వదిలేసి దారం అందించాడు.

రెండో పూసకూ వేలు అటే పోయింది. మూడో దానికి పోలేదు.

"గంగారాం ఉంటే పోయి ఒక మాట చెప్పి వద్దుము" అన్నాడు నాలుగోది చుట్టేటప్పుడు. "ఆయన పోయి పదేండ్లాయె."

"ఆయన కొడుకున్నడు గద."

"కొడుకు ఇంటి మీద డిష్ ఉన్నది. వానికేం ఎరుక, బొమ్మ వణుకుడంటే."

రాత్రి వాళ్ళింట్లోనే ఉండిపోయిన కళతో పాటు శుక్రవారం పొద్దున్నే సాలెహా కూడా కామారెడ్డి బస్సెక్కింది. పూస కొస అక్కడ ఊడిపోతే మళ్ళీ కట్టేవాళ్ళు కావాలని కళ అంది. కలీమ్ మాత్రం రానన్నాడు. "ఆ మెట్లు నేనెక్క" అన్నాడు. నిజానికి కాలేజీ ల్యాబు కిందనే ఉంది. ఆ మాట కళ అప్పుడు చెప్పలేదు.

ల్యాబులో ఫ్యాను కింద బల్ల మీద మిషన్ ఉంది. పొయ్యిమీద పెట్టే పెద్ద పెనమంత తెర, దానికి రెండు తీగలు. మూడు దర్వాజలున్న పూసకు మిషన్ రెండింటినే ఒకసారి చూడగలదు కాబట్టి, ఒకదాన్ని మూసి రెండింటిని కొలవాలి, మళ్ళీ ఇది మూసి అది కొలవాలి. గైడు సారు అద్దాలు నుదుటి మీదికి తోసుకుని వచ్చి నిలబడ్డాడు. ముందుగా పాత పూస పెట్టించాడు. తెర మీద రెండు గీతలు విడివిడిగా వచ్చాయి. సాలెహా వాటిని మొదటిసారి కదులుతుండగా చూసింది. కాగితం మీద చూసినప్పుడు అవి ఎవరివో గీతలు. ఇక్కడ పైదాన్ని చూడగానే అది తన వేలు చేసిన పని అని గుర్తుపట్టింది.

"అమ్మా, ఇది మీరే చుట్టిన్రా?" అని అడిగాడు సారు.

"రెండూ నేనే చుట్టిన సారూ. తప్పుది, ఒప్పుది."

కళ కొత్త పూస పెట్టింది. తొందరలో ఒక తీగ కొస ఊడింది. సాలెహా వంగి, బీడీ దారంతో రెండు మెలికలు తిప్పి బిగించింది. ఒక దర్వాజ కొలిచారు. తెర మీద ఒక గీత నిలబడింది. మూసి, రెండోది కొలిచారు. రెండో గీత ఎడమ నుంచి మెల్లగా పాకుతూ వచ్చి మొదటి దాని మీదికెక్కింది. అలాగే దాని వెంటే చివరి దాకా పోయింది. చివరలో మాత్రం, సిగ్నల్ కంపనాల వేగం పెరిగిన చోట, రెండింటి మధ్య సన్నని సందు విడింది.

సారు ముందుకు వంగి చూశాడు.

"కారణం ఎట్ల దొరికింది?" అన్నాడు సారు.

"ఖాలా బీడీలు చుడుతరు సార్. బీడీ మూతి మలిచే అలవాటుకు తీగ కొస గూడ లోపలికి దూర్చిన్రు. ఒక్కసారి ఎక్కువైంది. లెక్క కట్టి చూసిన, సరిపోయింది."

"రిపోర్టులో ఇట్లనే రాయి. మొదటి గ్రాఫు తీసెయ్యకు. రెండూ పెట్టు." ఆయన జేబులోంచి పెన్ను తీసి, కళ తెచ్చిన కాగితం చివర సంతకం చేసి తేదీ వేశాడు. "ఈ మధ్య అందరూ కలిసిన గీతలే తెస్తున్నరు. విడిపోయిన గీత తెచ్చినందుకు మార్కులు ఎక్కువ ఇయ్యాలె నీకు."

కళ కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది. అందులో సంతకం తప్ప ఇంకేమీ చూడనట్టు నిలబడిపోయింది. తరువాత బయటికి వెళ్ళి వరండాలో తండ్రికి ఫోను చేసి, లంబాడీ మాటల్లో ఏదో గబగబా చెప్పింది. అవతల ఆయన మళ్ళీ మళ్ళీ అదే అడుగుతున్నట్టున్నాడు, ఆమె మళ్ళీ మళ్ళీ అదే చెబుతోంది.

సాలెహా ఇంకా తెర ముందే ఉంది. "సారూ, ఆ కొసకు సందెందుకు ఉన్నది?"

"అంత సందు అందరి పూసలల్ల ఉంటది అమ్మా. కంపెనీ దాంట్ల గూడ ఉంటది. పర్వాలేదు."

పర్వాలేదన్న మాట ఆమెకు నచ్చలేదు. మిషన్ పొద్దుగూకే దాకా ఇక్కడే ఉంటుందని విని, కొంగు ముడిలోంచి ఇంకో ఖాళీ పూస, తీగ ముక్కలు తీసి, కిటికీ దగ్గర వెలుతురు పడే స్టూలు చూసుకుని కూర్చుంది. కళ వచ్చి ఫోను చేతికిచ్చింది. అవతల కలీమ్.

"పెట్టిండా సంతకం?"

"పెట్టిండు."

దుకాణం ముందు నుంచి పోతున్న ఆటో చప్పుడు మాత్రం వినబడింది.

"గీతలు కలిసినయా?"

"కలిసినయ్. కొసకు జర సందున్నది. ఇంకోటి చుడుతున్న."

"ఆగు" అన్నాడు కలీమ్. స్టూలు జరిపిన చప్పుడైంది. "నేను లెక్కపెడ్త. చుట్టు."

సాలెహా ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తీగ కొసను తూటులో పెట్టింది.